సరిచూచుట వేరు, సరిదిద్దుట వేరు
భాషానమూనాల కాపలా పద్ధతులపై ఒక విమర్శ

మనిషి మాట్లాడు భాషను అనుకరించి వాక్యములు కూర్చు యంత్రములు మన నిత్యజీవితములోనికి వచ్చినవి. లాంగ్వేజ్ మోడళ్లని పేరుపొందిన వీనిని మనము భాషానమూనాలని పిలుచుకొందము. అపారమైన వ్రాతను ముందుగా వీనిచేత చదివింతురు. ఒక మాట తరువాత ఏ మాట వచ్చుటకు ఎంత అవకాశమున్నదో లెక్కకట్టి, ఆ లెక్కను బట్టి మాట వెంట మాట పేర్చుట వీని పని. కావున ఇవి చెప్పునది సాధారణముగా నమ్మదగినట్లే వినబడును. వినుటకు నమ్మదగినట్లున్నంత మాత్రమున అది నిజమని చెప్పుటకు వీలులేదు.

ఇట్టి వాక్యమును మనిషి చదివినచో, తప్పును గుర్తించి నవ్వి ఊరకుండవచ్చును. దానిని మరియొక ప్రోగ్రాము అందుకొనునప్పుడు సంగతి మారును. లోతు అను గడిలో అంకె ఉండవలసిన చోట ‘సుమారు ఇరవై యుండవచ్చును’ అని వచ్చినచో ప్రోగ్రాము ఆగిపోవును. అంకెయే వచ్చి, అది తప్పు అంకె యైనచో ఆగదు. ఆ తప్పును వెంటబెట్టుకొని ముందుకు సాగును. ఈ రెండవ ప్రమాదము మొదటిదానికంటె చెడ్డది, ఏలయన అది ఎవరి కంటనుబడదు.

ఈ ఇబ్బందిని తొలగించుటకు గడచిన కొలది సంవత్సరములలో ఒక కొత్త విద్య పెరిగినది. భాషానమూనా ఇచ్చిన సమాధానమును ప్రోగ్రామే సరిచూచి, తప్పున్నచో తనంతట తానే సరిదిద్దుట ఈ విద్య సారము. ఉపకరణములు వ్రాసినవారు ఈ రెండు పనులను ఒకే ఊపిరిలో చెప్పుచున్నారు. అవి రెండును ఒకే జాతికి చెందిన పనులు కావనియు, మొదటిదానికి తగిన గౌరవము రెండవదానికి ఇచ్చుట పొరపాటనియు ఈ వ్యాసములో నిరూపింప యత్నింతును.

కాపలా ఎట్లు జరుగును?

భాషానమూనా నుండి వచ్చు సమాధానమును ప్రోగ్రాములు సామాన్యముగా జేసన్ అను రూపములో కోరును. ఒక పేరు, దాని ఎదుట ఒక విలువ; మరల ఒక పేరు, ఒక విలువ. కరణముల లెక్కల పుస్తకములో గడులవలె సాగు రూపమిది. ఏ గడి తప్పక నిండవలెను, దేనిలో అంకె ఉండవలెను, దేనిలో తేదీ ఉండవలెను, అంకె ఎంతకు తగ్గరాదు, ఎంతకు మించరాదు అను నియమములను ముందే వ్రాసిపెట్టుదురు. ఆ నియమావళికి స్కీమా యని పేరు. పైథాన్ భాషలో ప్రోగ్రాములు వ్రాయువారు ఇందులకు పైడాంటిక్ అను ఉపకరణమును విరివిగా వాడుచున్నారు.

సమాధానము నియమావళికి లోబడనిచో ఏమి చేయవలెను? ఇచ్చట మూడు మార్గములు కలవు. మొదటిది, మరల అడుగుట. ‘నీవు పంపిన దానిలో ఫలాని గడి తప్పు, ఫలాని కారణము’ అని ఆ దోషమునే ప్రశ్నకు చేర్చి, మరల నమూనాకే పంపుదురు. ఇన్‌స్ట్రక్టర్ అను ఉపకరణము ప్రధానముగా ఈ పని చేయును. ఎన్నిసార్లు అడుగవలెనో మనమే నిర్ణయింపవచ్చును. రెండవది, ప్రోగ్రామే స్వయముగా దిద్దుట. అంకె చుట్టునున్న కొటేషను గుర్తులను తీసివేయుట, విడిచిన కుండలీకరణమును మూయుట, హద్దు దాటిన అంకెను హద్దునకు దించుట ఇట్టివి. మూడవది, తప్పు రూపము పుట్టకుండనే అడ్డుకొనుట. నమూనా ఒక్కొక్క ముక్కను ఎంచుకొనునప్పుడు, నియమావళికి పొసగని ముక్కలనన్నిటిని ముందే కొట్టివేసి, మిగిలిన వానిలోనుండి మాత్రమే ఎంచుకొననిత్తురు. 2023లో బ్రాండన్ విలార్డ్, రెమీ లూఫ్ అను ఇద్దరు ఈ కొట్టివేతను చౌకగా చేయు మార్గమును వివరించిరి. అవుట్‌లైన్స్ అను ఉపకరణము దానిపై నిలిచినది. 2024 ఆగస్టులో ఓపెన్ఏఐ సంస్థ ఇదే సౌకర్యమును తన నమూనాలకు చేర్చి, తన పరీక్షలలో నూటికి నూరుపాళ్లు సమాధానములు నియమావళికి లోబడినవని ప్రకటించినది. అదే పరీక్షలో ఆ సంస్థయొక్క పాత నమూనా ఒకటి నూటికి 40 పాళ్లు కూడ అందుకొనలేదు.

ఇది గొప్ప ప్రగతి యనుటలో సందేహము లేదు. అయినను నూటికి నూరు అను మాట దేనికి వర్తించునో గుర్తుంచుకొనవలెను. గడులన్నియు నిండినవి, అంకెల గడులలో అంకెలే ఉన్నవి అని దాని అర్థము. ఆ అంకెలు నిజమని కాదు. గడిలోని విలువ తప్పుకావచ్చునని ఆ సంస్థయే ఆనాటి ప్రకటనలో ఒప్పుకొన్నది. నియమము బిగించినకొలది నమూనా ఆలోచన కుంటుపడునని 2024లో కొందరు పరిశోధకులు వ్రాయగా, లోపము ప్రశ్న అడిగిన తీరులోనున్నదని అవుట్‌లైన్స్ పక్షమువారు ఖండించిరి. ఆ వాదము ఎట్లు తేలినను మన ప్రశ్న మిగిలియే యుండును: గడి నిండిన తరువాత దానిలోని మాటను ఎవరు సరిచూడవలెను?

తీరపు మాట, పట్టికలోని గడి

ఈ పద్ధతుల మేలుకీడులు తెలియుటకు నెల్లూరు తీరమునే ఉదాహరణముగా తీసికొందము. 1999లో హైదరాబాదులో స్థాపింపబడిన ఇన్‌కాయిస్, అనగా భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము, ఉపగ్రహములు కొలిచిన సముద్రోపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితమును బట్టి చేపలు గుమిగూడుటకు అవకాశమున్న తావులను గుర్తించుచున్నది. ఏ రేవునుండి ఏ దిక్కున, ఎంత దూరమున, ఎంత లోతులో వల వేయవచ్చునో తెలుగుతో సహా తీరప్రాంత భాషలలో తెలుపుచున్నది. ఇది శాస్త్రజ్ఞులనుండి పడవలకు పోవు సమాచారము. పడవలనుండి తిరిగివచ్చు సమాచారమును గూడ పోగుచేయవలెనని ఒక తీరగ్రామపు విద్యార్థి సంకల్పించెననుకొందము. వేటనుండి వచ్చిన మత్స్యకారుడు సెల్‌ఫోనులో తన ధోరణిలో చెప్పును. ఆ మాట అక్షరములలోనికి మారును. భాషానమూనా అందుండి రేవు పేరు, దిక్కు, దూరము, లోతు, తేదీ ఏరి పట్టికలో పెట్టును. ఇది ఊహించిన ఉదాహరణమే. ఇందలి చిక్కులు మాత్రము ఊహలు కావు.

మొదట రూపమునకు సంబంధించిన తప్పులను చూతము. మైపాడు అను పేరులోని మొదటి అక్షరమును యూనికోడులో రెండు విధముల వ్రాయవచ్చును. ఐత్వమును ఒకే గుర్తుగా ఉంచవచ్చును. లేదా ఎత్వమునకు క్రింద పొడవు గుర్తును వేరుగా చేర్చవచ్చును. కంటికి రెండును ఒకే మైపాడు. ప్రోగ్రామునకు మాత్రము అవి రెండు వేరు వేరు మాటలు. రేవుల జాబితాలో మొదటి రూపముండి, నమూనా రెండవ రూపమును పంపినచో, ‘ఇట్టి రేవు లేదు’ అని కాపలా ప్రోగ్రాము త్రోసివేయును. ఇట్టిచోట స్వయంచాలకముగా దిద్దుట పూర్తిగా ఉచితము. ఆ రెండు రూపములు ఒకటేనని యూనికోడు ప్రమాణమే చెప్పుచున్నది, కావున రెంటిని ఒకే రూపునకు తెచ్చినచో అర్థము వెంట్రుకవాసియైన మారదు. అట్లే ౨౦ అను తెలుగు అంకెలను 20గా మార్చుట. పైథాన్ తెలుగు అంకెలను సంఖ్యగా గ్రహింపగలదు. జేసన్ నియమములు మాత్రము సంఖ్య 0 నుండి 9 వరకు గల ఆ అంకెలతోనే ఉండవలెనని శాసించును. ఈ మార్పును ప్రోగ్రామునకు నిశ్చింతగా అప్పగింపవచ్చును.

రూపము విషయములో గూడ అత్యుత్సాహము తగదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అను మన సంయుక్తాక్షరము ఒక ప్రత్యేక క్రమములో, నడుమ కంటికి కనబడని ఒక విడదీయు గుర్తుతో వచ్చినప్పుడు ఐఫోనులలోని ప్రోగ్రాములు కూలిపోయిన వార్త లోకమంతయు తిరిగినది. ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన సవరణ విడుదల చేసినది. దోషము అక్షరమును ప్రదర్శించు ప్రోగ్రాములో నుండెను, తెలుగులో లేదు. ఇట్టి వార్త విన్నవాడు, కనబడని గుర్తులన్నిటిని వచ్చినవి వచ్చినట్లు చెరిపివేయు నియమమును వ్రాసినచో ఏమగును? ‘సాఫ్ట్‌వేర్’ అను మాటలో టకారపు పొల్లును నిలుపునది ఆ గుర్తే. దానిని చెరిపినచో వకారము టకారము క్రింద ఒత్తుగా చేరి మాట రూపు చెడును. భాష తెలియని కాపలావాడు దొంగను ఆపబోయి ఇంటివానిని గెంటివేయుట వంటిది ఇది.

ఇక విలువకు సంబంధించిన తప్పులు. కృష్ణపట్నము సుమారు 14.25 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 80.1 డిగ్రీల తూర్పు రేఖాంశమువద్ద నున్నది. నమూనా ఈ రెండు అంకెలను తారుమారు చేసిన దనుకొందము. అక్షాంశము 90కి మించరాదు, రేఖాంశము 180కి మించరాదు అనునది సామాన్య నియమము. 80.1 అను అక్షాంశము ఆ నియమమునకు లోబడియే యున్నది! కాపలా తలుపు తెరచును. మన పడవ ఉత్తరధ్రువ ప్రాంతములోని స్వాల్బార్డ్ ద్వీపముల చెంతకు చేరును. నెల్లూరు తీరము 13, 15 డిగ్రీల నడుమనున్నదని తెలిసినవాడు నియమము వ్రాసినచో మాత్రమే ఈ తప్పు పట్టుబడును. సరిచూచుటకు కావలసిన శక్తి ఉపకరణములో లేదు, నియమము వ్రాసినవాని స్థానిక జ్ఞానములో నున్నది.

ఇంకను సూక్ష్మమైనది లోతు. మత్స్యకారుడు ‘ఇరవై బారల నీళ్లు’ అని చెప్పెననుకొందము. రెండు చేతులను చాచిన పొడవు ఒక బార. అది ఇంచుమించు ఆరడుగులు, అనగా 1.83 మీటర్లు. ఇరవై బారలు దాదాపు 36 మీటర్లకు పైగా అగును. గడి పేరు ‘లోతు, మీటర్లలో’. నమూనా 20 అని వ్రాసినది. అంకె ఉన్నది, అది పూర్ణాంకము, సున్నకు మించినది, హద్దులలో నున్నది. పరీక్షలన్నియు నెగ్గిన ఆ అంకె తప్పు. పట్టిక చదువు శాస్త్రజ్ఞునకు ఆ మాట తెలియు మార్గమే లేదు.

మన భాషలోని లెక్కలు ఇట్టి చిక్కులు ఎన్నో పెట్టును. ‘అరవై డెబ్బై కిలోలు’ అనగా అరవైకి, డెబ్బైకి నడుమ అని మనకు తెలియును. దానిని 130గా కూడుటకుగాని, 6070గా అంటించుటకుగాని యంత్రమునకు అడ్డులేదు. ‘పాతిక’ అనగా ఇరవైయైదు. ‘గురువారము రాత్రి మూడు గంటలకు పడవ దింపితిమి’ అని తీరమున చెప్పుదురు. పంచాంగము ప్రకారము సూర్యోదయమువరకు గురువారమే. గడియారము ప్రకారము అది శుక్రవారము. గడిలో ఏ తేదీ పెట్టినను తేదీ రూపము నిర్దోషమే.

సరిదిద్దుటలోని ప్రమాదము

ఇంతవరకు చెప్పినవి కాపలా పట్టలేని తప్పులు. కాపలాయే తప్పును సృష్టించు సందర్భము మరియొకటి కలదు. ఈ విమర్శలో ముఖ్యమైన భాగమిది.

నెల్లూరు తీరము తూర్పుముఖముగా నున్నది. మైపాడుకు పడమట పది కిలోమీటర్లు పోయినచో భూమియే గాని సముద్రము లేదు. కావున దిక్కు అను గడిలో ‘పడమర’ వచ్చినచో త్రోసివేయవలెనను నియమము వ్రాయుట తెలివైన పని. ఇప్పుడు మత్స్యకారుడు ‘మైపాడునుండి పోయితిమి, పడమటి గాలి కొట్టినది, వల సరిగా పడలేదు’ అని మాత్రమే చెప్పెననుకొందము. పడవ ఏ దిక్కున పోయినదో అతడు చెప్పలేదు. నమూనా గాలి దిక్కును తీసికొని పడవ దిక్కు గడిలో పెట్టినది. కాపలా పట్టుకొన్నది, అంతవరకు భేష్. తరువాత ఏమి జరుగును? ‘దిక్కు పడమర కారాదు’ అని దోషము తెలిపి మరల అడుగును. నమూనా వెంటనే ‘తూర్పు’ అని బదులిచ్చును. తలుపు తెరచుకొనును. పట్టికలో ఇప్పుడొక నిర్దుష్టమైన వరుస చేరినది. దానిలోని తూర్పు మత్స్యకారుని నోట ఎన్నడును రాలేదు.

ఇచ్చట జరిగినదేమి? మరల అడుగుటవలన నమూనాకు సముద్రమును గూర్చిన కొత్త సంగతి ఏదియు తెలియలేదు. కాపలావాడు ఏ సమాధానమును ఒప్పుకొనడో మాత్రము తెలిసినది. పిల్లవాడు లెక్క తప్పుచేసినప్పుడు ‘తప్పు’ అని మాత్రమే ఉపాధ్యాయుడు చెప్పుచుండినచో, వాడు లెక్కను మరల చేయక, ఉపాధ్యాయుని ముఖము చూచుచు అంకెలు మార్చుచుండును. చివరకు సరియైన అంకె వచ్చినను వానికి లెక్క వచ్చెననుటకు వీలులేదు. గడి తప్పక నిండవలెనను నియమము, మరల మరల అడుగుట అను పద్ధతి కలిసినచో, తెలియని దానిని తెలిసినట్లు కల్పించుటకు యంత్రమును మనమే నిర్బంధించినట్లగును.

హద్దునకు దించుట అంతకంటె మోటైన పద్ధతి. లోతు 200 మించరాదని నియమముండగా 250 వచ్చినచో 200గా మార్చి పంపివేయుదురు. మొదటి అంకె కనీసము అనుమానము పుట్టించెడిది. రెండవది ఆ అనుమానమును గూడ తుడిచివేసినది. పేర్లను దగ్గరి పేరునకు మార్చుటయు నిట్టిదే. కోడూరు నెల్లూరు తీరమున నున్నది. కృష్ణా జిల్లా తీరమున మరియొకటి కలదు. సముద్రమునకు దూరముగా రైల్వే కోడూరు కలదు. మన తీరముననే కొత్తకోడూరు గూడ కలదు. అక్షరముల పోలికను బట్టి ప్రోగ్రాము ఒకదానిని మరియొకటిగా దిద్దినచో, దిద్దుబాటు జరిగిన సంగతి గూడ ఎవరికిని తెలియదు.

గార్డ్‌రెయిల్స్ అను ప్రసిద్ధ ఉపకరణములో పరీక్ష తప్పినప్పుడు చేయదగిన పనులను ఎంచుకొను సదుపాయమున్నది. మరల అడుగుట, దిద్దుట, తప్పిన భాగమును తీసివేయుట, సమాధానమునే ఇవ్వకుండుట, ఉన్నది ఉన్నట్లు వదలి దోషమును నమోదుచేయుట, ప్రోగ్రామును ఆపివేయుట అనునవి వానిలో ముఖ్యమైనవి. ఇన్ని మార్గములు చూపుట ఆ ఉపకరణము గొప్పతనమే. కాని ఇవన్నియు ఒకే వరుసలో, ఒకే తూకమున్నట్లు నిలిచియున్నవి. ఆపుటలో, నమోదుచేయుటలో తప్పు కనబడును. మరల అడుగుటలో, దిద్దుటలో తప్పు కనుమరుగగును. ఈ భేదము వాడుకరికి స్పష్టముగా తెలియవలసి యున్నది. తెలియనిచో, గొడవలేక పని సాగించు మార్గమునే సహజముగా అందరును ఎంచుకొందురు.

యంత్రము తన తప్పును తాను దిద్దుకొనగలదా అను ప్రశ్నపై పరిశోధనలు లేకపోలేదు. తన సమాధానమును తానే విమర్శించుకొని మెరుగుపరచుకొను పద్ధతివలన పలు పనులలో ఫలితము బాగుపడినదని 2023లో సెల్ఫ్-రిఫైన్ అను పరిశోధన ప్రకటించినది. శైలి, స్పష్టత వంటి విషయములలో ఇది ఆశ్చర్యము కాదు. అదే సంవత్సరమున గూగుల్ డీప్‌మైండ్, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు మరియొక సంగతి చూపిరి. తర్కముతో తేల్చవలసిన ప్రశ్నలలో, బయటినుండి ఏ ఆధారమును ఇవ్వక, ‘మరల చూచుకొనుము’ అని మాత్రమే చెప్పినచో నమూనాలు తమ తప్పును సరిగా దిద్దుకొనలేకపోయినవి. కొన్నిచోట్ల ఒప్పును గూడ తప్పుగా మార్చుకొన్నవి. మన పడమటి గాలి ఉదాహరణమునకు ఇది శాస్త్రీయమైన వ్యాఖ్య.

హామింగ్ చూపిన షరతు

స్వయంచాలకముగా తప్పు దిద్దుట సాధ్యమేనని 1950లోనే నిరూపించినవాడు బెల్ ప్రయోగశాలకు చెందిన రిచర్డ్ హామింగ్. వారాంతములలో మనుషులు లేనప్పుడు గణనయంత్రము తప్పును కనుగొని, పనిని వదలివేయుచుండెడిది. తప్పున్నదని కనుగొనగల యంత్రము అది ఎచ్చటనున్నదో గూడ కనుగొని దిద్దరాదా అని ఆయన ప్రశ్నించుకొనెను. నాలుగు సమాచార బిట్లకు మూడు కాపలా బిట్లను చేర్చినచో, ఏడింటిలో ఏ ఒక్కటి చెడినను దానిని గుర్తించి దిద్దవచ్చునని ఆయన చూపెను.

ఇందలి షరతును గమనింపవలెను. దిద్దుటకు వలసిన అధిక సమాచారము, తప్పు పుట్టకముందే, పంపువాడు సందేశముతో జతచేసి పంపెను. ఆ మూడు బిట్లు లేనిచో దిద్దుటలేదు. రెండు బిట్లు చెడినచో ఆ పద్ధతి సందేశమును ధైర్యముగా మరియొక తప్పు సందేశముగా దిద్దును! మన ఆధార్ సంఖ్యలో చివరి అంకె తక్కిన పదునొకండు అంకెలనుండి లెక్కకట్టిన కాపలా అంకె. ఒక అంకె తప్పు వ్రాసినచో సంఖ్య చెల్లదని అది తెలుపును. సరియైన అంకె ఏదో చెప్పదు. చెప్పుటకు తగినంత అధిక సమాచారము దానిలో లేదు. అందుచేత ప్రోగ్రాము ‘సంఖ్య సరిచూచుకొనుడు’ అని మనలనే అడుగును. అది సంస్కారము గల పద్ధతి.

భాషానమూనా విషయములో ఈ అధిక సమాచారము ఎచ్చటనుండి రావలెను? అదే నమూనాను రెండవసారి అడుగుట స్వతంత్ర సాక్ష్యము కాజాలదు. ఒకే సాక్షిని రెండుమార్లు పిలిచినచో ఇద్దరు సాక్షులు కారు.

శ్రీహరికోట మార్గము

ఇదే తీరమున, 2022వరకు నెల్లూరు జిల్లాలోనుండి నేడు తిరుపతి జిల్లాలోనున్న శ్రీహరికోటలో, ఈ భేదము ఎన్నడో ఆచరణలోనికి వచ్చినది. 2001 మార్చి 28న జీఎస్ఎల్వీ మొదటి ప్రయోగము చివరి క్షణములో ఆగినది. ప్రక్కనున్న నాలుగు బూస్టర్లలో ఒకటి తగిన చోదకబలమును ఇచ్చుటలేదని గుర్తించిన స్వయంచాలక వ్యవస్థ ప్రయోగమును నిలిపివేసినది. మూడు బూస్టర్ల బలమును సవరించి ఎట్లో పైకి పంపుదమని ఆ వ్యవస్థ యత్నింపలేదు. కారణము కనుగొని, సరిచేసి, ఏప్రిల్ 18న ప్రయోగించిరి. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షావాహనము గూడ లెక్కింపు ఐదు సెకండ్లకు చేరినప్పుడు కంప్యూటరు ఆపివేయగా, శాస్త్రజ్ఞులు కారణము గుర్తించి అదే ఉదయము పది గంటలకు ఎగురవేసిరి. రెండు సందర్భములలోను సరిచూచుట యంత్రము పని. సరిదిద్దుట మనుషుల పని.

నింగికెగసిన రాకెట్టు తన దిశను తానే అనుక్షణము సవరించుకొనుట లేదా అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. నిజమే. ఆకాశములో ఆగి ఆలోచించుటకు వీలులేదు. పైగా దిశను కొలుచు పరికరములు దిశను మార్చు ఇంజనులకు స్వతంత్రమైన సాక్షులు. కావున అచ్చట సవరణ తగును. అది గూడ నిర్దోషమైనదని చెప్పరాదు. 1993 సెప్టెంబరు 20న పీఎస్ఎల్వీ మొదటి ప్రయోగము విఫలమగుటకు గల కారణములలో, దిశను సవరించు నియంత్రణ క్రమమునందలి సాఫ్ట్‌వేర్ దోషము ఒకటి. దిద్దు యంత్రమును గూడ సరిచూడవలెనని ఆ అనుభవము నేర్పినది.

ఏమి చేయవలెను?

విమర్శించువాడు మార్గము గూడ చూపుట ధర్మము. ఈ విద్యను అభ్యసించు మన విద్యార్థులకు, ప్రోగ్రాములు వ్రాయువారికి కొన్ని నియమములను సూచింతును.

మొదటిది, అర్థము మారుటకు అవకాశమే లేనిచోట మాత్రమే ప్రోగ్రామును దిద్దనీయవలెను. ఐత్వపు రెండు రూపములు, తెలుగు అంకెలు, మూయని కుండలీకరణములు ఈ తెగకు చెందును.

రెండవది, ప్రతి గడిలోను ‘తెలియదు’, ‘చెప్పలేదు’ అను సమాధానములను సక్రమమైనవిగా అంగీకరింపవలెను. కల్పనను అరికట్టుటకు ఇంతకంటె చౌకైన ఉపాయము లేదు.

మూడవది, సరిచూచు నియమములకు ఆధారము నమూనా వెలుపలినుండి రావలెను. తీరరేఖ పటము, రేవుల జాబితా, లోతుల పటము, పంచాంగము ఇట్టి సాక్షులు. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యాంత్రిక పడవల వేటకు నిషేధము కలదు. ఆ నడుమ తేదీ వచ్చినచో ప్రోగ్రాము అనుమానింపవలెను. యంత్రములేని సాంప్రదాయక నావలకు ఆ నిషేధము వర్తింపదు గనుక త్రోసివేయరాదు, తిరిగి చెప్పినవానినే అడుగవలెను.

నాలుగవది, అడుగవలసినది మాట చెప్పిన మనిషిని. ‘ఇరవై బారలు, అనగా ముప్పైయారు మీటర్లు అని వ్రాసికొంటిమి, సరియేనా?’ అని ఫోను తెలుగులో చదివి వినిపించినచో, మత్స్యకారుడు ఒక్క మాటలో తేల్చివేయును. కొలతను రెండు మానములలో చెప్పుట హామింగ్ అదనపు బిట్ల వంటిదే.

ఐదవది, మొదట పలికిన మాటను చెరపక, పట్టికలోని వరుస ప్రక్కననే భద్రపరుపవలెను. ఏ గడిని ఎన్నిసార్లు, ఏ కారణమున దిద్దిరో లెక్క ఉంచవలెను. దిద్దుబాట్లు పెరుగుచున్నచో లోపము నియమములోనో, ప్రశ్నలోనో, నమూనాలోనో ఉన్నదని తెలిసికొను దారి అదొక్కటే.

ఇంత జాగ్రత్త అవసరమా, ఒక లోతు అంకె తప్పినచో మునిగినదేమి అని కొందరు అనవచ్చును. ఈనాడు వేటవార్తలకు వాడిన ప్రోగ్రామునే రేపు తుపాను హెచ్చరికలను తెలుగు చేయుటకు వాడుదురు. గాలివేగమును నాట్లలోను, కిలోమీటర్లలోను చెప్పు వాడుక కలదు. 60 నాట్ల గాలి గంటకు 111 కిలోమీటర్ల గాలి. గడిలో 60 ఉండి ప్రక్కన కిలోమీటర్లు అని పడినచో ఏ స్కీమాయు అభ్యంతరము చెప్పదు, ఆ మాట విన్న మత్స్యకారుడు మాత్రము పడవను దింపవచ్చును. 1989 నవంబరులో కావలి సమీపమున పెనుతుపాను తీరము దాటిన జిల్లా ఇది. ఇచ్చట గాలివేగము పరీక్ష పత్రములోని అంకె కాదు.

భాషానమూనాలను సరిచూచు ఉపకరణములను మనము తప్పక వాడవలెను. వానిని తెలుగునకు తగినట్లు తీర్చిదిద్దుటకు మన కళాశాలల విద్యార్థులకంటె తగినవారు లేరు. బార అనగా ఎంతయో, గురువారము రాత్రి ఎప్పుడు ముగియునో వారికి తెలియును. ఆ జ్ఞానమును నియమములుగా వ్రాయుట వారి పని. ఆ నియమము తప్పినచోట యంత్రమును ఆగి అడుగనిండు, ఊహించి పూరింపనీయకుడు.